"ముందు మన జీతం సంగతి చూడక్కా": యూనియన్ మీద అపోహలు, వాస్తవాలు

రొయ్యల ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా, చీమకుర్తి క్వారీల దగ్గరైనా, టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్ గోడౌన్ల దగ్గరైనా, మీటింగ్ పెడితే ఒక మాట ఖాయంగా వస్తుంది. "అక్కా, ముందు మన జీతం సంగతి చూడు. ఒడిశా వాళ్ల గొడవ, కులం గొడవ, ఆడోళ్ల గొడవ మనకేంది?" నెల్లూరు, ఒంగోలు మధ్య తిరుగుతూ యూనియన్ పని చేసే నాకు ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. అడిగేవాళ్ల మీద కాదు. నెల తిరిగేసరికి వడ్డీ కట్టాల్సిన మనిషికి ముందు తన జీతమే గుర్తొస్తుంది, అందులో తప్పేం లేదు. ఆ మాటను వాళ్ల చెవిలో ఊదేవాళ్ల మీదే నా కోపం. అందుకే మిగతా అపోహల కంటే ముందు దీని సంగతి తేలుస్తాను.

అపోహ: పక్కవాళ్ల సమస్యలు యూనియన్‌కు అనవసరం, జీతం పెంచితే చాలు.

నెల్లూరు జిల్లాలో ఒక రొయ్యల ఫ్యాక్టరీ. పీలింగ్ షెడ్డులో మన ఊళ్ల ఆడవాళ్లు కిలో లెక్కన పనిచేస్తారు. పొద్దున్నుంచీ ఐసులో చేతులు పెట్టి తలకాయ తీయాలి, పొట్టు ఒలవాలి, వీపు మీద నల్ల నరం లాగాలి. మధ్యాహ్నానికి బొటనవేలి తోలు నాని తెల్లగా పాలిపోతుంది, వేలిముద్ర మెషీన్ మీద పడదు. కాటా దగ్గర ఇంకో బాధ. తూకం వేసేవాడు టబ్బు బరువులో నీళ్ల కింద ఇంత, ఐసు కింద ఇంత అని కొట్టేస్తాడు. ఎంత కొట్టాడో చీటీ మీద రాయడు.

రేటు పెంచమని వీళ్లు ఒకరోజు పని ఆపేశారు. అదే కాంపౌండులో హాస్టల్, అందులో ఒడిశా అమ్మాయిలు. యాజమాన్యం ఆ అమ్మాయిలను పగలూ రాత్రీ షెడ్డులోకి దింపింది. పని ఆగలేదు. వారం తిరగకుండానే మన వాళ్లు పాత రేటుకే లోపలికి పోవాల్సి వచ్చింది. "ఆ ఒడిశా వాళ్లే మా పొట్ట కొట్టారు" అని మా దగ్గరికొచ్చి ఏడ్చారు. వాళ్ల ఏడుపు అబద్ధం కాదు, వేలెత్తి చూపిన వైపే సరైంది కాదు.

మేం హాస్టల్ అమ్మాయిలతో మాట్లాడటం మొదలుపెట్టాం. బరంపురం నుంచి వచ్చి తెలుగు కూడా మాట్లాడే ఒకామె మధ్యలో ఉండి చెప్పింది. ఆదివారం సరుకులకని బయటికి పంపే కాసేపే దొరికేవాళ్లు. అప్పుడు తెలిసింది, బయట సమ్మె జరుగుతోందని వాళ్లకు ఎవరూ చెప్పనేలేదు. పెద్ద ఆర్డరు వచ్చింది, రెండు పూటలా చేయాలి అన్నారట, చేశారు. ఆధార్ కార్డులు కాంట్రాక్టరు దగ్గర. తిండికీ గదికీ కోసుకోగా చేతికొచ్చేది మన వాళ్ల కిలో రేటు కంటే తక్కువ.

మన రేటు ఎందుకు పెరగడం లేదో అక్కడే తేలిపోయింది. అంతకంటే తక్కువకు, కార్డు కూడా చేతిలో లేకుండా పనిచేసే మనిషి అదే గోడ లోపల ఉంటే, నీకు పెంచి ఇవ్వాల్సిన అవసరం యజమానికి ఏముంది? ఈసారి ఇచ్చిన డిమాండ్ల కాగితంలో పైన మూడు రాశాం: అందరికీ ఒకే కిలో రేటు, తూకానికి చీటీ, ఎవరి ఆధార్ వాళ్ల చేతికి. కింద తెలుగులో సంతకాలు, ఒడియాలో సంతకాలు, వేలిముద్రలు. లేబర్ ఆఫీసర్ ముందు కూర్చున్నాం. అడిగినంతా రాలేదు. రేటు మాత్రం పెరిగింది, అందరికీ ఒకేలా. తూకం చీటీ వచ్చింది, కార్డులు తిరిగొచ్చాయి. అంతకుముందు ఒంటరిగా అడిగినప్పుడు ఒక్క పైసా పెరగలేదు.

2025 ఆగస్టులో బల్లికురవ క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఆరుగురు చనిపోయారు. అందరూ ఒడిశా నుంచి వచ్చిన కార్మికులే. ఆ వారంలో కూడా "మన వాళ్లెవరూ లేరులే" అన్న మాట నా చెవిన పడింది. నాకు చాలా కష్టమనిపించింది. పైనున్న రాయి వదులుగా ఉందో లేదో చూడకుండా కింద పని చేయించే క్వారీలో రేపు మీ తమ్ముడు డ్రిల్లింగ్‌కు పోవచ్చు. వాళ్ల ప్రాణానికి జవాబు అడగకపోతే ఆ భద్రత మీ తమ్ముడికీ రాదు.

ఆడవాళ్ల సంగతీ, కులం సంగతీ ఇంతే. ఒక షెడ్డులో సూపర్‌వైజర్ ఒకామెను కులం పేరుతో తిట్టాడు. మిగతావాళ్లు "అది ఆమె కేసు" అని తలలు దించుకున్నారు. అడ్డు చెప్పేవాళ్లు లేరని తెలిశాక వాడు బాత్రూముకు పోయిన నిమిషాలు కూడా రాసి, అందరి కూలిలోనూ కోయడం మొదలుపెట్టాడు. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది. పది మంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. ఆ కాగితం మీద ఒక్క ఆడమనిషి సంతకం ఉంటే ఆమెను గేటు బయట నిలబెడతారు. పక్కన యూనియన్ నిలబడితే కమిటీ వేస్తారు. ఇది నేను కళ్లారా చూసిన తేడా.

సామాజిక న్యాయం అనేది ఎవరో ఢిల్లీ నుంచి తెచ్చిన మాట అనుకునేవాళ్లు మన నెల్లూరు జిల్లా సంగతే మరిచిపోయారు. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య పేరులోంచి రెడ్డి తీసేసి, సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలను కూడగట్టారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన కూలి మనుషులు వాళ్లు. పగలంతా ఒళ్లొంచి తెచ్చిన కూలి సాయంత్రం సారా కొట్టులో పడుతుంటే, అది కూలి గొడవా, ఇంటి గొడవా, ఆడవాళ్ల గొడవా? ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ, ఆమె వెంట నడిచినవాళ్లు విడదీసి చూడలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఇక మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: కొత్త లేబర్ కోడ్‌లతో యూనియన్లు రద్దయ్యాయి, సమ్మె చేస్తే జైలే.

ఈ వాట్సాప్ మెసేజ్ పంపేవాళ్లు ఎంతమందిని భయపెడుతున్నారో వాళ్లకు తెలియదు. పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం చేసిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన మాట నిజం. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. యూనియన్ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలో ఉంది, దాన్నెవరూ తీసేయలేదు. ఏడుగురు దరఖాస్తు పెట్టవచ్చు, కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. సమ్మె కష్టమైంది, అది మాత్రం నిజం. ఏ ఫ్యాక్టరీలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. కాబట్టి ఆవేశంలో గేటు బయటికి రాకండి, ముందు మాకు ఫోన్ చేయండి. ఒకటికి మించి యూనియన్లు ఉన్నచోట, మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న యూనియన్ ఉంటే చర్చల్లో అదొక్కటే కూర్చుంటుంది. ఆడవాళ్లను, వలస వాళ్లను వదిలేసి ఆ 51 శాతం ఎక్కడి నుంచి తెస్తారు?

అపోహ: కాంట్రాక్టు వాళ్లకు యూనియన్ ఉండదు.

ఉంటుంది. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలి, ఇది చట్టం. జీతంలో ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కింద 0.75 శాతం కోస్తున్నారంటే మీకు ఈఎస్ఐ నంబరు ఉండి తీరాలి, అడగండి.

అపోహ: చేరితే ఉద్యోగం పోతుంది.

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. యూనియన్‌లో చేరినందుకు తీసేయడం చట్టప్రకారం తప్పు. అయినా షిఫ్టు మార్చేవాళ్లు, "రేపటి నుంచి రావొద్దు" అని నోటితో చెప్పేవాళ్లు ఉన్నారు. పిల్లల ఫీజులు నెత్తి మీదుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక్కరే పేరు ఇవ్వకండి, లైనంతా కలిసి ఇవ్వండి. గేటు పాసు, తూకం చీటీలు, బ్యాంకులో జీతం పడ్డ మెసేజీలు ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి. నోటితో వద్దంటే ఆ రోజే రాతపూర్వకంగా అడగండి, మేం రాసిస్తాం.

అపోహ: యూనియన్ అంటే ఫలానా పార్టీ.

మా సభ్యుల్లో అన్ని పార్టీలకూ ఓటేసేవాళ్లు ఉన్నారు. మీటింగ్‌లో ఓటు సంగతి అడగం.

అపోహ: చందాలన్నీ నాయకుల జేబులోకే.

చందా కట్టగానే రసీదు తీసుకోండి. రిజిస్టరైన యూనియన్ ఏటా లెక్కలు రిజిస్ట్రార్‌కు పంపాలి. జనరల్ బాడీలో ఆ లెక్కలు చదివి వినిపించమని అడగండి, అది మా యూనియనైనా సరే. చదవకపోతే నిలదీయండి, అప్పటిదాకా తర్వాతి నెల చందా కట్టకండి.