మంచం కింద ఆరు వందల పుస్తకాలు

దేవరకొండ
ఆదివారం సాయంత్రం

ప్రియమైన పిల్లలకు,

వందనాలు. ఈ పొద్దున ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద మీరు నలుగురు నన్ను ఆపి, "సార్, పుస్తకం అచ్చు వేయించాలంటే ఎంత అవుతుంది?" అని అడిగారు. మీలో ఒకమ్మాయి వాళ్ళ అవ్వ తన బతుకులో దేవుడు చేసిన మేలు గురించి చెప్పిన సాక్ష్యమంతా రెండు నోటుబుక్కుల్లో రాసుకుందట. ఇంకొకతను సండే స్కూల్ పిల్లల కోసం కథలు రాస్తున్నాడట. వినగానే సంబరమైంది. కానీ ఆ "ఎంత అవుతుంది" దగ్గర మాత్రం గుండె గతుక్కుమంది. నేను కూడా మొట్టమొదట అదే అడిగాను మరి. ఆ ప్రశ్నకు అరిగోస పడి కట్టిన ఫీజు సంగతి మెట్ల మీద నిలబడి చెప్పేది కాదని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

1998లో జీపీఎఫ్ లోను తీసి, ఇక్కడ బస్సెక్కి హైదరాబాద్ ఇమ్లీబన్‌లో దిగి, ఒక ప్రెస్సులో వెయ్యి కాపీలు వేయించాను. గుడ్ ఫ్రైడే ధ్యానాలు, 208 పేజీలు. నా చేతిరాతలో శ, భ రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. డీటీపీ చేసినతను తనకు కనిపించినట్టు కొట్టాడు. ప్రూఫులు నేనే దిద్దుకున్నాను. రాసినవాడి కన్ను కాగితం మీదున్నది చదవదు, మనసులో ఉన్నది చదువుతుంది. ఆవిష్కరణ రోజు స్త్రీల సమాజం పెద్దమ్మ ఒకావిడ వేదిక మీద పుస్తకం తెరిచి మూడో అధ్యాయం పేరు గట్టిగా చదివింది: "క్రీస్తు భ్రమలు". శ్రమలు అని ఉండాలి. పాస్టరు అయ్యగారు దగ్గారు. వెనక కూర్చున్న పిల్లలు నవ్వాపుకోలేకపోయారు.

ఆ తప్పును ఒక్కటి తప్ప అన్ని కాపీల్లో పెన్నుతో దిద్దాను, వారం పట్టింది. అయినా పుస్తకం పోనిది ఆ తప్పు వల్ల కాదు. నాలుగు వందలు పోయాయి, వాటిలో సగం పైగా చేతుల్లో పెట్టి ఇచ్చినవే. మిగిలిన ఆరు వందలు మంచం కింద చేరాయి. రెండు వానాకాలాలయ్యాక చెదలు పట్టాయి. నా పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా పూర్తి చేసింది అవే అని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది.

అసలు జబ్బు వేరే చోట ఉంది. నేను రాసింది ముందు వరుసలో కుర్చీల మీద కూర్చునే అయ్యగార్లు మెచ్చుకోవడానికి. వెనకాల చాప మీద కూర్చునే మనుషులు నా లెక్కలోనే లేరు. 2011 జనాభా లెక్కల్లో అప్పటి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా అక్షరాస్యత 55 శాతం దగ్గరే ఆగింది, ఉమ్మడి రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే తక్కువ. మన వైపు పుస్తకం కొనేది ఒకరు, చదివేది ఇంకొకరు, వినేది నలుగురు. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన తల్లికి పదో తరగతి కొడుకు చదివి వినిపిస్తాడు. ఆ పిల్లాడి నోట పలకని వాక్యం ఆ తల్లి చెవిదాకా పోదు. నా వాక్యాలు ఎట్లా ఉండేవో తెలుసా? "ఏలయనగా", "కృపాక్షేమములు", "సెలవిచ్చియున్నాడు". బైబిల్ పాత అనువాదం చదివీ చదివీ, దేవుడి గురించి రాయాలంటే ఆ భాషే రాయాలనుకున్నాను. బైబిల్లో అది అందంగానే ఉంటుంది, మన కలంలోకి వచ్చేసరికి అద్దెకు తెచ్చిన కోటులా వేలాడుతుంది.

అవ్వ సాక్ష్యం రాసిన బిడ్డా, ఆమె "మస్తు ఏడ్చిన బిడ్డా ఆ రాత్రి" అని ఉంటే "మిగుల దుఃఖాక్రాంతురాలనైతిని" అని మార్చకు. నాట్లేసే ముచ్చట, కైకిలి పైసల ముచ్చట, అప్పిచ్చిన దొర వాకిట్లో నిలబడ్డ ముచ్చట తీసేసి ప్రార్థనలు మాత్రమే ఉంచకు. ఆ ముచ్చట్లు పోతే ఆ సాక్ష్యం ఎవరిదైనా కావచ్చు. రాసింది ఒక అధ్యాయం తీసుకుని కుట్టుపని చేసుకుంటున్న ఎవరికైనా పైకి చదివి వినిపించు. ఎక్కడ ఆమె సూది ఆగిందో గుర్తు పెట్టుకో. ఎక్కడ "ఊఁ, ఇంకెంత ఉంది?" అందో అది కూడా గుర్తు పెట్టుకో.

ఇంకొక చిక్కుంది, బయటివాళ్ళకు తెలియదు కానీ మీకు తెలియాలి. క్రైస్తవ పాఠకులంటే అందరూ ఒక్కటే అనుకోవద్దు. మన పాలమూరు, నల్లగొండ వైపు బాప్టిస్టులు, మెన్నొనైట్ బ్రదరన్ (ఎం.బి.) మిషన్ వాళ్ళు ముందు వచ్చారు. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్లలో ఎం.బి. చర్చిలు అట్లా వచ్చినవే. మనకు బాప్తిస్మం అంటే వయసొచ్చాక నీళ్ళలో ముంచడం. మెదక్ వైపు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళకు పసిపిల్లలకు నీళ్ళు చిలకరించడం. మీ కథలో హీరో చెరువులో మునిగి లేచాడంటే ఇక్కడ ఆమెన్ అంటారు, అక్కడ పెదవి విరుస్తారు. భాషల వరం (ప్రార్థనలో తెలియని భాషలు పలకడం), స్వస్థత, సబ్బాతు (విశ్రాంతి దినం) గురించి రాసినా ఇంతే. ఎవరినీ నొప్పించకుండా నీళ్ళు కలిపి రాయమని నేను చెప్పను. ఏ సంఘం వాళ్ళు చదవాలో ముందే తేల్చుకుని, ఆ సంఘం పుస్తకాలు వేసేవాళ్ళ దగ్గరికే పొండి. చాలా రాతప్రతులు బాగాలేక కాదు, తప్పు గుమ్మం తొక్కడం వల్ల వెనక్కి వస్తాయి.

గుమ్మాల సంగతి చెప్తాను. చెన్నైలో క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ 1858 నుంచి ఉంది. ఢిల్లీలో ఐ.ఎస్.పి.సి.కె. అనే ప్రచురణ సంస్థ ఉంది, వాళ్ళవి ఎక్కువగా ఇంగ్లీషు, వేదాంత పుస్తకాలు. సికింద్రాబాద్‌లో ఓ.ఎం. బుక్స్ ఉంది. పంపే ముందు వాళ్ళు ఈమధ్య వేసినవి రెండు మూడు కొని చదవండి, ఏం వేస్తారో ఏం వేయరో ఆ పుస్తకాలే చెప్తాయి. మొత్తం రాతప్రతి కట్టగట్టి పంపొద్దు. ఒక పేజీ ఉత్తరం, విషయసూచిక, రెండు అధ్యాయాలు చాలు. ఉత్తరంలో "దేవుడు నాతో మాట్లాడి ఈ పుస్తకం రాయించాడు" అని మొదలుపెట్టొద్దు. రోజూ పది ఉత్తరాలు అట్లాగే వస్తే ఎడిటర్ ఏం చేస్తాడు, పాపం? దేవుడు రాయించాడంటే దిద్దడానికి ఎడిటర్‌కు చెయ్యి రాదు కదా. ఎవరి కోసం రాశారు, ఎన్ని పేజీలు, మీరెవరు, అంతే రాయండి.

అమెరికాలో ఈ వ్యాపారం తీరు వేరు. మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఒక్క ఊళ్ళో ఎర్డ్‌మన్స్, జోండర్వన్, బేకర్ అనే క్రైస్తవ ప్రచురణ సంస్థలు మూడూ పెరిగాయి, అన్నీ డచ్చి వలసదారుల కుటుంబాలు పెట్టినవే. అక్కడ పెద్ద సంస్థలు చాలావరకు రచయిత తరఫున మాట్లాడే ఏజెంటు ద్వారా వస్తేనే చూస్తాయి. ఆ ఏజెంటు రచయిత రాబడిలో మామూలుగా 15 శాతం తీసుకుంటాడు. యూట్యూబ్‌లో అవి చూసి "సార్, ఏజెంటు కావాలా?" అని అడగొద్దు. మన తెలుగులో ఏజెంటు లేడు. మీ చెప్పులే మీ ఏజెంట్లు.

పుస్తకం కంటే ముందు ఒక పని చేయండి. సంఘాల మాసపత్రికలకు ఒక్కొక్క కథ పంపండి. రెండు పేజీల్లో కథ ముగించడం వస్తుంది, పేరు నలుగురికి తెలుస్తుంది, ఎడిటర్ ఎర్ర సిరా చూసి ఏడవకుండా ఉండడం అలవాటవుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ ముద్దు వదిలించేది ఎర్ర సిరాయే. పన్నెండు కథలు అచ్చయ్యాక పుస్తకం దానంతటదే తయారవుతుంది.

అనుమతుల సంగతి మనవాళ్ళు ఎవరూ పట్టించుకోరు, మీరు పట్టించుకోండి. దేవుడి వాక్యం అందరిదే, కానీ దాని అనువాదానికి హక్కుదారు ఉంటారు. ఒకటి రెండు వచనాలకు ఎవరూ ఏమనరు. పేజీలకు పేజీలు ఎత్తి వేసుకుంటే మాత్రం, అది బైబిల్ సొసైటీ అనువాదమైతే, బెంగళూరులోని బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియాకు రాసి అనుమతి తీసుకోవాలి. ఏ అనువాదమో పుస్తకం మొదట్లో చెప్పాలి. పాటలూ అంతే. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. పురుషోత్తమ చౌదరి గారు 1890లో కన్నుమూశారు, ఆయన కీర్తన ఎవరైనా వేసుకోవచ్చు. పోయిన క్రిస్మస్‌కు యూట్యూబ్‌లో వచ్చిన పాటను అట్లా వేసుకోకూడదు.

ఇక "ఎంత అవుతుంది" సంగతి. ఎవరైనా "మీరు ఇంత కట్టండి, మేము ప్రచురిస్తాం" అంటే అతను ప్రచురణకర్త కాదు, పేరు మార్చుకున్న ప్రింటరు. ప్రింటరుకు పైసలివ్వడం తప్పు కాదు, ఇస్తున్నది ప్రింటరుకే అని తెలిసి ఇవ్వాలి. అట్లాంటివాడు హక్కులన్నీ తనవని కాగితం చాపితే సంతకం పెట్టొద్దు. నిజమైన ప్రచురణకర్త తన డబ్బు పెట్టి, అమ్మినదాంట్లో మీకు రాయల్టీ ఇస్తాడు. ఆ ఒప్పందం కూడా కాగితం మీదే ఉండాలి, ఎన్నేళ్ళకో రాసి ఉండాలి. కాలం రాయకపోతే మన కాపీరైట్ చట్టం ప్రకారం 5 ఏళ్ళనే అర్థం. "అయ్యగారే కదా, కాగితం ఎందుకు" అని నేనొకసారి మొహమాటపడ్డాను. ఆ ధ్యానాల్లో కొన్ని ఇంకొకరి పేరుతో కరపత్రాలుగా తిరిగాయి. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

సొంతంగా వేసుకుంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. పుస్తకం ఫారాల్లో అచ్చవుతుంది, ఫారం అంటే 16 పేజీలు. 64 పేజీలైతే నాలుగు ఫారాలు సరిపోతాయి. ముందుమాటలు పెరిగి 68 అయిందా, ఐదో ఫారం ఖర్చు మీద పడుతుంది. నా పుస్తకానికి ఆరు ముందుమాటలు, ఆరు ఫొటోలు. ఎవరిని వదిలేస్తే ఎవరికి కోపమొస్తుందో అన్న టెన్షన్‌తో అందరినీ అడిగాను. ఫారం దాటిపోయింది, నా రాత మొదలయ్యేసరికి చదివేవాళ్ళు అలసిపోయారు. ఒక్క ముందుమాట చాలు, అదీ పుస్తకం చదివినవాళ్ళే రాయాలి.

వెయ్యి వేస్తే ఒక్కో కాపీ చవకని ప్రింటరు అంటాడు, అబద్ధం కాదు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకు, మిషన్ సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే. కానీ అమ్ముడుపోని కాపీ ఎంత చవకైనా ఖరీదే. ఇప్పుడు డిజిటల్‌లో వంద కాపీలూ వేస్తున్నారు. మొదటిసారి అది చాలు. మీరు ఫోన్లో యూనికోడ్‌లో కొట్టి ఇస్తారు, చాలా ప్రెస్సుల్లో ఇంకా పాత పద్ధతి అను ఫాంట్లే నడుస్తున్నాయి. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, కాబట్టి మార్చిన తర్వాతే ప్రూఫు చూడాలి. మీరు కాదు, మీ పుస్తకం ఎన్నడూ చదవని ఇంకొకరు చూడాలి. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐ.ఎస్.బి.ఎన్. నంబరు మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ పేరు మీదున్న ప్రభుత్వ సంస్థ ఇస్తుంది. దానికి డబ్బడిగేవాడు తన చాకిరీకి అడుగుతున్నాడని తెలుసుకోండి. అచ్చయ్యాక నెల లోపల కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి. 1954 నాటి చట్టం అది.

ఆ ఆరు వందలు చెదలు తిన్నాక ఐదేళ్ళు ఏమీ రాయలేదు. తర్వాత 48 పేజీల చిన్న పుస్తకం వేశాను, మా అమ్మ పాడే పాటలు, వాటి వెనక కథలు. షాపుల్లో పెట్టలేదు. కల్వకుర్తి, కొండమల్లేపల్లి దిక్కు ఎక్కడ ప్రార్థన కూటాలు జరిగినా బల్ల దగ్గర నేనే చిల్లర పట్టుకుని నిలబడ్డాను. వెల 10 రూపాయలు. ఒకామె కొని, నాలుగడుగులు పోయి, తిరిగొచ్చి "మా అక్కకు ఇంకోటియ్యి సారూ" అంది. 208 పేజీల పుస్తకానికి ఆరుగురు పెద్దలు రాసిన ముందుమాటలన్నీ కలిపినా ఆ మాటకు సరిరావు.

తొందరపడి దిగాలు పడకండి. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1720ల్లోనే బైబిల్‌ను తెలుగులోకి తేవడం మొదలుపెట్టాడు. ఆయన అనువాదం అచ్చు కాలేదు. తెలుగు సువార్తలు 1812లో సేరంపూర్ ప్రెస్సులో అచ్చయ్యాయి, అవి విశాఖపట్నంలో వేరేవాళ్ళు చేసిన అనువాదం. ఎడిటర్ ఆర్నెల్లుగా జవాబివ్వలేదని మీరు నాకు ఫోన్ చేసినప్పుడు నేను ఈ సంగతే చెప్తాను, ఇప్పుడే చెప్పి పెడుతున్నా.

బుధవారం సాయంత్రం ప్రార్థన అయ్యాక ఇంటికి రండి. నోటుబుక్కులు తీసుకురండి, ఎర్ర పెన్ను నా దగ్గరుంది. అవ్వను కూడా తోలుకొస్తే ఇంకా మంచిది, ఆమె సాక్ష్యం ఆమె ముందే చదివిద్దాం, తప్పులుంటే ఆమే చెప్తుంది. "భ్రమలు" పుస్తకం దిద్దనిది ఒక్క కాపీ బీరువాలో దాచాను. మీరు నవ్వకుండా ఉంటామంటేనే చూపిస్తా.

మీ
తెలుగు సార్