పనసకాయను తట్టినట్టు రోడ్డును తడితే

విజయనగరంలో మా వీధి రోడ్డు ఒకచోట ఏటా కుంగుతుంది. వానలు పడగానే పళ్లెమంత పల్లం తేలుతుంది, ఆటో చక్రం దిగి ధబ్‌మంటుంది. ఎవరో వచ్చి ఒక ట్రక్కు గ్రావెల్ పోసి, పైన తారు పూసి వెళ్తారు. మరుసటేడు మళ్లీ అదే పల్లం. పోసిన గ్రావెల్ అంతా ఏమైపోతోందో ఎవరూ అడగరు.

కిందున్న డ్రైనేజీ పైపులోకి పోతోందని నా అనుమానం. పైపు అతుకు ఒకచోట ఊడితే చాలు, వాననీళ్లు చుట్టూ ఉన్న మట్టిని కొద్దికొద్దిగా అందులోకి లాక్కుపోతాయి. కింద ఖాళీ పెరుగుతూ పైపైకి వస్తుంది. తారు మాత్రం కుండ మీద మూతలా నిలబడి ఉంటుంది, బరువైన లారీ ఒకటి వచ్చేదాకా. 2024 ఆగస్టులో కౌలాలంపూర్‌లో ఫుట్‌పాత్ ఇలాగే ఉన్నట్టుండి కుంగి, మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక మహిళ గల్లంతైంది.

రోడ్డు తవ్వకుండానే ఈ ఖాళీని కనిపెట్టే పరికరం ఉంది. భూగర్భ రాడార్ అంటారు. ఉద్దానంలో పనసకాయను వేళ్లతో తట్టి లోపల పండిందో లేదో చెప్పేస్తారు కదా, ఇదీ ఆ పద్ధతే. తట్టేది మాత్రం రేడియో తరంగంతో. చిన్న తోపుడు బండిలాంటిదాన్ని రోడ్డు మీద నడిపిస్తూ ఉంటే అది నేలలోకి తరంగాలు పంపుతుంది. మట్టి ఆగి ఇనుమో నీరో గాలో మొదలైన చోట వాటిలో కొంత వెనక్కి తిరుగుతుంది. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చూసి లోతు లెక్కగడతారు. గాలిలో ఈ తరంగం నానోసెకనుకు, అంటే సెకనులో వందకోట్లో వంతుకు, 30 సెంటీమీటర్లు పోతుంది. ఓ మోస్తరు తడి మట్టిలో పోయేది సుమారు 10 సెంటీమీటర్లే. 20 నానోసెకన్లలో తిరిగొచ్చిందంటే ఆ వస్తువు మీటరు లోతున ఉన్నట్టు. తడి అంచనా తప్పితే లోతూ తప్పుతుంది, జేసీబీ పన్ను కేబుల్‌కు తగులుతుంది.

స్క్రీన్ మీద గొయ్యి బొమ్మ రాదు. అడ్డంగా పోయే పైపు బోర్లించిన మూకుడులా కనిపిస్తుంది. బండి దగ్గరికొచ్చేకొద్దీ దూరం తగ్గుతుంది, దాటాక పెరుగుతుంది, అందుకే ఆ వంపు. ఖాళీ ఉన్నచోట ప్రతిధ్వని బలంగా వస్తుంది. అనుమానం తీరాలంటే చిన్న బోరు వేసి లోపలికి కెమెరా దించాల్సిందే.

అన్ని నేలల్లోనూ ఇది పనిచేయదు. విద్యుత్తును బాగా పోనిచ్చే నేల తరంగాన్ని మింగేస్తుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల దగ్గర బండి నడిపితే దాదాపు ఏమీ కనిపించదు. తడి బంకమట్టిలో మీటరు దాటడమే కష్టం. ఎండిన ఎర్రమట్టి నయం. పట్టణాల్లో వాడే రకాలతో, నేల అనుకూలిస్తే, రెండు మూడు మీటర్లు చూడొచ్చు. 2025 జనవరిలో జపాన్‌లోని యాషియోలో రోడ్డు కుంగి ట్రక్కు పడిపోయింది. అక్కడ దెబ్బతిన్న మురుగు పైపు సుమారు 10 మీటర్ల లోతున ఉంది. అంత కిందికి ఈ బండి చూపు ఆనదు.

మన ఊళ్లో ముందు ఎక్కడంటారా? నన్నడిగితే పైడితల్లి పండగ రోజు సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, తిరిగే దారి. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి గుడి నుంచి కోట దాకా ఆ రోజు జనం బరువంతా దాని మీదే. మే నెలలో, నేల ఎండి ఉన్నప్పుడు ఒకసారి బండి నడిపి ఆ బొమ్మలు దాచిపెట్టాలి. పండగ ముందు మళ్లీ నడిపి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. మా వీధిది తర్వాత చూసుకోవచ్చు, గ్రావెల్ ట్రక్కు ఎలాగూ వస్తుంది.