అంత్యక్రియల దగ్గర ప్లకార్డులు, పోయినవారి మీద మాటలు: చట్టం విషయంలో మనవాళ్ళకున్న అపోహలు

ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరైనా చిన్న వయసులో పోతే, వారం తిరగకముందే నాకు ఫోన్లు వస్తాయి. నేను మేరీల్యాండ్‌లో లాయర్‌ని, పరువునష్టం కేసులు ఎక్కువగా చూస్తాను. "ఫేస్‌బుక్‌లో మావాడి గురించి ఇలా రాశారండీ, కేసు వేయొచ్చా?" అని ఒకరు అడుగుతారు. "ఈ దేశంలో ఎవడేమన్నా చెల్లుతుందట కదా, సుప్రీంకోర్టు తీర్పు ఉందట" అని ఇంకొకరు ముందే చేతులెత్తేస్తారు. ఆ తీర్పు మా రాష్ట్రంలో మొదలైన కేసులోదే. దాని గురించి సగం విని, సగం ఊహించుకోవడం వల్ల బాధలో ఉన్న కుటుంబాలు నష్టపోతున్నాయి. వేయాల్సిన కేసుకు గడువు దాటిపోతోంది. నిలవని కేసు మీద డబ్బు పోతోంది.

అపోహ: అంత్యక్రియల దగ్గర ఎవరేం చేసినా అమెరికాలో తప్పు కాదని సుప్రీంకోర్టే చెప్పింది.

వాస్తవం: ఆ కేసు పేరు స్నైడర్ వర్సెస్ ఫెల్ప్స్. 2006 మార్చి 10న వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊళ్ళో, సెయింట్ జాన్స్ క్యాథలిక్ చర్చిలో, ఇరాక్‌లో చనిపోయిన ఒక మెరీన్ సైనికుడి అంత్యక్రియలు జరుగుతున్నాయి. క్యాన్సస్ రాష్ట్రంలోని టొపీకా నుంచి వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి పాస్టర్ ఫ్రెడ్ ఫెల్ప్స్, ఆయన ఇద్దరు కూతుళ్ళు, నలుగురు మనవలు అక్కడికి వచ్చారు. స్వలింగ సంపర్కాన్ని ఈ దేశం సహిస్తోంది కాబట్టే దేవుడు సైనికుల ప్రాణాలు తీస్తున్నాడన్నది వాళ్ళ వాదన. "సైనికులు చచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు", "నువ్వు నరకానికి పోతావు" అని రాసిన ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు.

కొడుకు శవపేటిక వెంట కారులో వెళ్తున్న తండ్రికి ఆ ప్లకార్డుల పై అంచులు మాత్రమే కనిపించాయి. వాటి మీద ఏం రాశారో ఆ రాత్రి టీవీ వార్తల్లో చూసి తెలుసుకున్నాడు. నేను ఈ తీర్పు ఎన్నిసార్లు చదివినా ఆ దగ్గర ఆగిపోతాను. కొడుకును సాగనంపి ఇంటికొచ్చి, టీవీ పెట్టిన మనిషి.

ఆ తండ్రి స్నైడర్ ఫెల్ప్స్ వాళ్ళ మీద నష్టపరిహారం కేసు వేశాడు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అయితే కోర్టు లెక్కలో ఇదే విషయం ఆయనకు వ్యతిరేకంగా పనిచేసింది. నిరసనకారులు చర్చికి సుమారు 1,000 అడుగుల దూరంలో, పోలీసులు చూపించిన చోట, ప్రభుత్వ స్థలంలో నిలబడ్డారు. అంత్యక్రియలకు ముందు ఓ అరగంట ఉండి వెళ్ళిపోయారు. లోపలికి చొరబడలేదు, ప్రార్థనకు అడ్డుపడలేదు. మాటలు ఎంత క్రూరంగా ఉన్నా, సైన్యం, దేశ నైతికత లాంటి అందరికీ సంబంధించిన విషయాల మీద ఉన్నాయి. ఈ పరిస్థితుల్లో ఆ మాటలకు నష్టపరిహారం వేయకూడదని 2011 మార్చి 2న ఎనిమిది మంది న్యాయమూర్తులు తేల్చారు. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్. శామ్యూల్ అలీటో ఒక్కరే విభేదించారు. దుఃఖంలో ఉన్న ఒక మామూలు కుటుంబాన్ని ఇలా మాటలతో కుళ్ళబొడిచే హక్కు వాక్ స్వాతంత్ర్యంలో లేదని ఆయన రాశారు. నా మనసు అలీటో వైపే ఉంటుంది. కానీ క్లయింటుకు సలహా చెప్పేటప్పుడు మెజారిటీ తీర్పునే చెప్పాలి.

ఆ తీర్పులోనే ఇంకో ముక్క ఉంది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. నిరసన ఎక్కడ చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎంత దూరంలో నిలబడాలి అన్నది ప్రభుత్వం నియంత్రించవచ్చు. మాటలో ఏముందన్నది చూడకుండా అందరికీ ఒకే రూలు పెట్టాలి, అంతే. తీర్పు వచ్చేనాటికే మేరీల్యాండ్‌తో కలిపి 44 రాష్ట్రాల్లో, కేంద్ర స్థాయిలో అలాంటి చట్టాలున్నాయి. ఆ అంత్యక్రియల రోజుకు మేరీల్యాండ్‌లో అలాంటిది లేదు. తర్వాత తెచ్చిన చట్టంలో మొదట పెట్టిన దూరం 100 అడుగులు. అంటే 1,000 అడుగుల దూరంలో ఉన్నవాళ్ళు దాని కింద కూడా దొరికేవాళ్ళు కాదు. 2012లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ తెచ్చిన చట్టం ప్రకారం సైనిక అంత్యక్రియలకు రెండు గంటల ముందు నుంచి, అయిపోయాక రెండు గంటల వరకు 300 అడుగుల లోపల గొడవ చేయడం నేరం. మిస్సోరీ రాష్ట్రంలోని మాంచెస్టర్ అనే పట్టణం కూడా 300 అడుగుల రూలు పెట్టింది. వెస్ట్‌బరో వాళ్ళు దాన్ని సవాలు చేస్తే, 2012లో ఆ ప్రాంతానికి ఉన్న ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు (ఎనిమిదో సర్క్యూట్) ఆ రూలు చెల్లుతుందని చెప్పింది.

ఇక చర్చి ఆవరణ, ఫ్యూనరల్ హోమ్ పార్కింగ్ అయితే ప్రైవేటు స్థలాలు. యజమాని వెళ్ళమంటే వెళ్ళాలి, లేకపోతే పోలీసుల్ని పిలవచ్చు. అక్కడ మొదటి సవరణ (అమెరికా రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడే భాగం) పేరు చెప్పి నిలబడే వీలు లేదు.

అపోహ: ఆ తండ్రి పరువునష్టం కేసు సుప్రీంకోర్టులో ఓడిపోయాడు.

వాస్తవం: పరువునష్టం అసలు జ్యూరీ దాకానే పోలేదు. అవి మతపరమైన అభిప్రాయాలు, ఆవేశంతో అన్న అతిశయోక్తులే తప్ప రుజువు చేయగల ఆరోపణలు కావని జిల్లా కోర్టు జడ్జి ఆ భాగాన్ని మొదట్లోనే కొట్టేశారు. జ్యూరీ ముందు నిలిచినవి కావాలని మానసిక క్షోభ కలిగించడం, ఏకాంతంలోకి చొరబడటం, వీటికోసం కుట్ర. వీటి మీద జ్యూరీ 1.09 కోట్ల డాలర్లు ఇచ్చింది. జడ్జి దాన్ని 50 లక్షలకు తగ్గించారు. అప్పీళ్ళ కోర్టు మొత్తం రద్దు చేసి, అవతలివాళ్ళ అప్పీలు ఖర్చుల కింద 16,510 డాలర్లు ఆ తండ్రినే కట్టమంది.

ఇందులో లాయర్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. అంత్యక్రియల తర్వాత వెస్ట్‌బరో వాళ్ళు తమ సైట్‌లో ఆ తల్లిదండ్రుల పెంపకాన్నే తిడుతూ ఒక పెద్ద రాత పెట్టారు. నేరుగా ఆ కుటుంబాన్నే అన్నది అక్కడే. కానీ సుప్రీంకోర్టుకు వేసిన పిటిషన్‌లో దాని ప్రస్తావన లేదు. అందుకని కోర్టు దాన్ని పక్కన పెట్టి, ప్లకార్డుల వరకే చూసింది.

అపోహ: చనిపోయిన మనిషి మీద అబద్ధం రాస్తే కుటుంబం పరువునష్టం దావా వేయొచ్చు.

వాస్తవం: నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది దీని గురించే. ఒక సంగతి చెబుతాను, మనుషులు గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. కారు ప్రమాదంలో పోయిన ఒక అబ్బాయి మేనమామ ఫోన్ చేశాడు. అబ్బాయి శవాన్ని ఊరికి పంపడానికి విరాళాల పేజీ పెట్టింది ఆయనే. దాని కింద వచ్చిన కామెంట్ల స్క్రీన్‌షాట్లు నలభై దాకా పంపాడు. "లాయర్ గారూ, వీటిలో ఒక్కణ్ణి కూడా వదలొద్దు" అన్నాడు. ఒక్కొక్కటీ చదువుతూ పోయాం. చివరికి మూడు మిగిలాయి.

మొదటిది: "తాగి నడిపాడు, పోయాడు." పోలీసు రిపోర్టులో మద్యం మాటే లేదు. అబద్ధమే, రుజువు కూడా చేయొచ్చు. కానీ అమెరికాలో పరువు అనేది బతికున్న మనిషికే ఉంటుందని చట్టం లెక్క. చచ్చిపోయినవారి తరఫున ఎవరూ దావా వేయలేరు.

రెండోది: "ఇలాంటి కొడుకును కన్నందుకు ఆ తల్లిదండ్రులు సిగ్గుపడాలి." మేనమామను అన్నిటికంటే కుదిపేసింది ఇదే. "మా అక్క రోజూ రాత్రి ఇదే చదువుకుని ఏడుస్తోందండీ" అన్నాడు. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఇది అభిప్రాయం. నిజమా అబద్ధమా అని తేల్చడానికి ఇందులో ఏమీ లేదు. ఎంత లోతుగా గాయపడ్డా, ఆ లోతును బట్టి పరువునష్టం తేలదు.

మూడోది: "వచ్చిన విరాళాల్లో సగం ఆ మామే నొక్కేశాడు." ఆయన దీన్ని పెద్దగా పట్టించుకోలేదు కూడా. "నన్నంటే అనుకోనీలెండి" అన్నాడు. కానీ కేసుకు నిలిచేది ఇదొక్కటే. బతికున్న మనిషి, డబ్బు కాజేశాడన్న స్పష్టమైన ఆరోపణ, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో అబద్ధమని చూపించగలం. ఆయన పబ్లిక్ ఫిగర్ కాదు కాబట్టి, రాసినవాడు అబద్ధమని తెలిసే రాశాడనో, నిజమో కాదో పట్టించుకోకుండా రాశాడనో సెలెబ్రిటీలు, రాజకీయ నాయకులు నిరూపించాల్సినట్టు ఆయన నిరూపించాల్సిన బరువు కూడా మామూలుగా ఉండదు. మేరీల్యాండ్‌లో దీనికి గడువు ఏడాదే. ఏడాదీకం అయ్యాక చూద్దామని ఆగితే చేజారిపోతుంది.

అపోహ: ఇండియాలోనూ అంతే.

వాస్తవం: ఇక్కడ రెండు దేశాల దారులు వేరు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ (పాత ఐపీసీలో 499) మొదటి వివరణ ప్రకారం చనిపోయిన వ్యక్తి మీద చేసిన ఆరోపణ కూడా పరువునష్టం నేరం కావచ్చు. దానికి రెండూ ఉండాలి. ఆ మనిషి బతికుంటే పరువు పోయేదై ఉండాలి, కుటుంబ సభ్యుల్నో దగ్గరి బంధువుల్నో నొప్పించాలన్న ఉద్దేశం ఉండాలి. పైన చెప్పిన మొదటి కామెంట్ రాసినవాడు ఇండియాలోనే ఉంటాడని తేలింది. అందుకే అబ్బాయి తల్లిదండ్రుల్ని అక్కడ మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు గురించి ఒక క్రిమినల్ లాయర్‌ని కలవమన్నాను. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు సాధారణ జైలు, జరిమానా లేదా సమాజ సేవ ఉండొచ్చు. పరువునష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగబద్ధమేనని 2016లో సుబ్రమణియన్ స్వామి కేసులో భారత సుప్రీంకోర్టు చెప్పింది.

అంత్యక్రియల విషయంలో కూడా అక్కడ సూటి సెక్షన్ ఉంది. మనసులు గాయపరచాలన్న ఉద్దేశంతో అంత్యక్రియలకు చేరినవాళ్ళకు భంగం కలిగిస్తే 301వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడవచ్చు. పాత ఐపీసీలో ఇది 297.

అపోహ: నిజం రాస్తే ఎక్కడా కేసు నిలవదు.

వాస్తవం: అమెరికాలో పరువునష్టం వరకు దాదాపు అంతే. ఇండియాలో క్రిమినల్ కేసులో నిజమని చూపిస్తే సరిపోదు, అది ప్రజల మేలు కోసం చెప్పిందని కూడా చూపించాలి.

అపోహ: రాసినవాడు దొరకకపోతే ఫేస్‌బుక్ మీద వేయొచ్చు.

వాస్తవం: అమెరికాలో 1996 నాటి చట్టంలోని 230వ సెక్షన్ వల్ల, వేరేవాళ్ళు రాసినదానికి ఆ కంపెనీని బాధ్యుణ్ణి చేయలేం. కోర్టు ద్వారా రాసినవాడి వివరాలు రప్పించుకోవచ్చు. దానికి నెలలు పడుతుంది, పైగా ఆ ఏడాది గడువు మనకోసం ఆగదు. కాబట్టి కామెంట్ కనబడిన రోజే లింకు, తేదీ, రాసినవాడి ప్రొఫైల్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కింద జవాబు మాత్రం రాయకండి. ఆ మేనమామ కోపంలో రాసిన జవాబులు తర్వాత అవతలి లాయర్ మాకే చూపించాడు.