‘ఎన్‌హెచ్‌ఎస్‌కి వెళ్తే వీసా పోతుంది’: అపోహలు - వాస్తవాలు

“అక్కా, ఎన్‌హెచ్‌ఎస్‌లో (బ్రిటన్ సర్కారు వైద్యసేవ) చూపించుకుంటే పబ్లిక్ ఫండ్స్ వాడుకున్నట్టే కదా? వీసా ఎక్స్‌టెన్షన్ ఇవ్వరేమో!” లండన్‌లో మిడ్‌వైఫ్‌గా పనిచేసే నాకు మన పిల్లల నోట పదేపదే వినిపించే మాట ఇది.

కాదమ్మా. వీసా షరతుల్లో ‘నో పబ్లిక్ ఫండ్స్’ (సర్కారు ఇచ్చే సాయపు డబ్బు తీసుకోకూడదు) అని ఉన్నమాట నిజమే. యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, ఛైల్డ్ బెనిఫిట్ లాంటివి ఏవేవి ఆ కిందికి వస్తాయో ఇమిగ్రేషన్ రూల్స్‌లో జాబితానే ఉంది. ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం అందులో లేదు. పిల్లల సర్కారు బడీ లేదు. అయినా వీసా ఫీజుతో పాటు కట్టిన హెల్త్ సర్‌ఛార్జి దేనికనుకున్నారు? 2015లో ఏడాదికి 200 పౌండ్లతో మొదలైంది, 2024 ఫిబ్రవరి నుంచి 1,035 అయింది. స్టూడెంట్లకు 776. కాన్పు ఖర్చు అందులోనే. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ వైద్యం) మాత్రం రాదు.

ఓ స్టూడెంట్ అమ్మాయి ఏడో నెల దాటాక మొదటిసారి మా దగ్గరికొచ్చింది. అంతదాకా వాళ్లమ్మ ఫోన్లో చెప్పిందే వైద్యం. వాట్సాప్ గ్రూపులో చదివి రూమ్మేట్ భయపెట్టిందట. పదో వారంలోపు చేయాల్సిన తలసీమియా పరీక్ష లేదు, 12 వారాల స్కాన్ లేదు, 20 వారాలదీ లేదు. హిమోగ్లోబిన్ చూస్తే నాకే గుండె జారింది. అదృష్టం, తల్లీబిడ్డా క్షేమం. ఆ పిల్లని తిట్టబుద్ధి కాలేదు. ఇంటిమీద అప్పుచేసి వచ్చినవాళ్లకి వీసా అంటే ప్రాణమే. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లని మాత్రం ఒక్కరోజు మా క్లినిక్‌లో కూర్చోబెట్టాలనుంది.

జీపీ (మన పేటలో మొదట చూసే డాక్టరు) దగ్గర పేరు రాయించుకోడానికి ఇంగ్లాండ్‌లో వీసా చూపించక్కర్లేదు, అడ్రస్ ప్రూఫ్ కూడా తప్పనిసరి కాదు. రిసెప్షన్‌లో అడిగితే ఈ మాటే చెప్పండి.

ఇక ఇక్కడివాళ్ల అపోహ: వలసొచ్చినవాళ్లు ఊరికే వైద్యం చేయించుకుంటున్నారు, జీతాలు పడగొడుతున్నారు అని. మొదటిదానికి జవాబు పైన రాసిన సర్‌ఛార్జీయే, మీ జీతంలో కోసే టాక్స్ వేరే. జీతాల సంగతికొస్తే, యూరప్ వలసల మీద ప్రభుత్వ మైగ్రేషన్ అడ్వైజరీ కమిటీ 2018లోనే లెక్క తేల్చింది: మొత్తమ్మీద ప్రభావం స్వల్పం, బాగా తక్కువ జీతాలవాళ్లకి కొంత దెబ్బ ఉండొచ్చు. ఆ రెండో ముక్క దాచక్కర్లేదు. మా వార్డులో మాత్రం జీతం బ్యాండ్‌ని (ఉద్యోగపు గ్రేడుని) బట్టే, కేరళ నర్సుకీ ఇక్కడే పుట్టిన నర్సుకీ ఒకటే స్కేలు. ఇంగ్లాండ్ ఎన్‌హెచ్‌ఎస్ సిబ్బందిలో దాదాపు ఐదుగురిలో ఒకరు విదేశీయులే.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ వీసా మీదే ఉంటే, బిడ్డ పుట్టగానే ఎవరో చెప్పారని ఛైల్డ్ బెనిఫిట్‌కి అప్లై చేయకండి, అది నిజంగానే పబ్లిక్ ఫండ్. కంపెనీ ఇచ్చే స్టాట్యుటరీ మెటర్నిటీ పే (చట్టప్రకారం ఇచ్చే ప్రసూతి సెలవు జీతం) అలాంటిది కాదు, నిశ్చింతగా తీసుకోండి.

రెండోది, పురుడు పోయడానికి విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలు. వాళ్లు సర్‌ఛార్జి కట్టరు. జీపీ చూసినా, ఏ అండ్ ఈలో (ఎమర్జెన్సీలో) చూసినా డబ్బు తీసుకోరు. వార్డులో చేర్చుకున్నారంటే మాత్రం మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు బిల్లు. 500 పౌండ్లో ఆ పైనో బాకీ రెండు నెలలు తీరకపోతే వీసాలిచ్చే హోం ఆఫీసుకి తెలుస్తుంది, తర్వాతి వీసాకి అదే అడ్డం పడొచ్చు. కట్టలేకపోతే హాస్పిటల్‌తో మాట్లాడి వాయిదాలు పెట్టించుకోండి. టికెట్‌తోపాటే ఇన్సూరెన్స్ తీసుకోండి, బీపీ, షుగర్ ఉన్నాయని దాచకుండా రాసి మరీ.