ఒక్క రోజులో హైదరాబాద్: ఒక గైడ్ చెప్పే అపోహలు - వాస్తవాలు

"బాబూ, పొద్దున్నే చార్మినార్, తర్వాత సాలార్‌జంగ్, జూపార్కు, గోల్కొండ, సాయంత్రం ట్యాంక్‌బండ్. రాత్రి తొమ్మిదింటికి మా రైలు." రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన చీటీ చదివి వినిపించారు. గైడ్‌గా ఇలాంటి చీటీలు నాకు కొత్త కాదు. పాపం, రాసినవాళ్లకు మెహదీపట్నం ట్రాఫిక్ తెలియదు, అంతే. జూ, ట్యాంక్‌బండ్ కొట్టేయించి, మిగతావి తలకిందులు చేశాను.

అపోహ: ముందు చార్మినార్, చివర్న గోల్కొండ.

తిరగేయండి. కోట పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు. పైదాకా 350కి పైగా మెట్లున్నాయి. పదకొండు దాటితే ఎండ నెత్తిమీద, వేడి కాళ్ల కింద. చార్మినార్‌ది సాయంత్రం అందం. రెండింటి మధ్య పది పన్నెండు కిలోమీటర్లే, కానీ మ్యాపు అరగంట అంటే మీరు గంట వేసుకోండి. మెట్రోలో వెళ్దామంటే గోల్కొండకు లేదు. చార్మినార్‌కైతే ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాలి. ఆషాఢమాసంలో ఆది, గురువారాలు కోటలో జగదాంబిక అమ్మవారి బోనాలు. బోనాలకే వస్తే అదృష్టం, కోట చూద్దామని వస్తే మాత్రం అడుగు కదలదు.

అపోహ: కోట గుమ్మంలో ఎక్కడ చప్పట్లు కొట్టినా పైకి వినిపిస్తుంది.

ఎక్కడపడితే అక్కడ కాదు. బాలాహిస్సార్ దర్వాజా దాటగానే ఒక గుమ్మటం వస్తుంది. దాని నడిమధ్యన నిలబడి కొట్టాలి. తలెత్తి చూడండి: లోపలి కప్పు నున్నగా ఉండదు, వజ్రానికి సానపట్టినట్టు పలకలు పలకలుగా ఉంటుంది. చప్పుడు ఆ పలకలకు తగిలి, చెదిరిపోకుండా పైకి వెళ్తుంది. రెండడుగులు పక్కకు జరిగి కొడితే ఉత్త చప్పట్లే. ఆదివారం మధ్యాహ్నం వచ్చి "ఏమీ వినిపించలేదండీ" అంటారు చాలామంది. కింద యాభైమంది ఒకేసారి కొడుతుంటే మీవాళ్ల చప్పట్లేవో పైనున్న మీకెలా తెలుస్తుంది? తొమ్మిదిన్నరకు రండి, ఒకరు కింద ఉండండి, ఒకరు పైకెక్కండి.

గోడల్లో కనిపించే మట్టిగొట్టాలు చూసి "శబ్దం వీటిలోంచే పోతుంది కదా" అని అడిగినవాళ్లూ ఉన్నారు. అవి నీళ్ల గొట్టాలు. నీటిని చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడి, వాటి గుండా పంపేవారు. నన్నడిగితే చప్పట్లకన్నా గొప్ప పని అదే, కానీ దాని ముందు సెల్ఫీ దిగేవాళ్లు లేరు.

అపోహ: గోల్కొండ వజ్రాలు గోల్కొండలో తవ్వారు.

ఈ కొండలో ఉన్నది గ్రానైటు. వజ్రాలు దొరికింది కృష్ణా తీరంలో, కొల్లూరు లాంటి చోట్ల. అది ఇప్పటి పల్నాడు ప్రాంతం, పాత గని పులిచింతల నీళ్లలో మునిగింది. గోల్కొండ రాజధాని, వ్యాపార కేంద్రం. సరుకు ఇక్కడ చేతులు మారేది కాబట్టి పేరు ఇక్కడిది పడింది. గుంటూరు వైపు వాళ్లకు ఈ మాట చెప్పగానే ముఖాలు వెలిగిపోతాయి.

అపోహ: ఏ రోజైనా ఒకటే.

శుక్రవారం వద్దు. ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియం సెలవు, చౌమహల్లా ప్యాలెస్ సెలవు. మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు, ఆ చుట్టుపక్కల ఆటో కూడా దూరదు.

అపోహ: సాలార్‌జంగ్ గడియారం చూడాలంటే పన్నెండింటికే వెళ్లాలి.

గడియారంలోంచి గడ్డం బొమ్మ ప్రతి గంటకూ బయటికి వస్తుంది. పన్నెండింటికి పన్నెండుసార్లు కొడుతుంది కాబట్టి జనం అప్పుడు ఎగబడతారు. మీరు మూడింటికి వెళ్లండి. మూడే దెబ్బలు, కానీ ముందు వరసలో కూర్చుని చూడొచ్చు. తర్వాత ముసుగు రెబెక్కా దగ్గర ఆగండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి శిల్పం. ముఖం మీద పల్చటి మేలిముసుగు, లోపల ముక్కూ పెదవీ తెలుస్తాయి. అంతా ఒకే రాయి. పిల్లలు ఆ బట్ట లాగి చూద్దామని చెయ్యి చాపడం నేను కళ్లారా చూశాను.

అపోహ: చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉంది.

ఈ తప్పులో నాకూ వాటా ఉంది. కొత్తలో నేనూ కథలు కట్టి చెప్పాను, గుర్రాలు పరుగెత్తేవని కూడా కలిపాను. ఆ కథకు చిల్లర బాగా రాలేది. ఒకరోజు సివిల్ ఇంజనీరు ఒకాయన నెమ్మదిగా అడిగారు: "మధ్యలో మూసీ ఉంది కదండీ, నది కింద నుంచి తవ్వారా?" నోట మాట రాలేదు. అలాంటి సొరంగం ఇంతవరకు ఎవరూ చూపించలేదు. చార్మినార్ మినార్ల మధ్య గడియారాలు కూడా 1591లో కట్టినప్పటివి కావు, 1889లో పెట్టినవి.

చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్‌షా, భాగమతిల ప్రేమకథ అడక్కుండా ఎవరూ వెళ్లరు. ఆ కాలపు చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు, నిజమే. కానీ ఆమె పేరుతో నాణెం లేదు, శాసనం లేదు. హరూన్ ఖాన్ షేర్వాణీ లాంటి చరిత్రకారులు ఒప్పుకోలేదు. నేను రెండూ చెప్పి ఊరుకుంటాను. పెళ్లి కుదిరిన జంటలైతే మొదటి సగమే వింటారు.

అపోహ: హైదరాబాద్ ముత్యాలు ఇక్కడే పుడతాయి.

సముద్రం ఎక్కడుందండీ మనకు? ఒకప్పుడు గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి, ఇప్పుడు ఎక్కువగా చైనా పెంపకం ముత్యాలు. రంధ్రం వేయడం, ఏరడం, గుచ్చడం ఇక్కడి పనితనం. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ బజారులో కొనేముందు ఒక ముత్యాన్ని పంటి మీద మెల్లగా రుద్దండి. అసలుదైతే సన్నగా గరగరమంటుంది, ప్లాస్టిక్కు, గాజు జారిపోతాయి. బిల్లు మీద "కల్చర్డ్", అంటే పెంపకం ముత్యమని, రాయించుకోండి. రాయనంటే పక్క కొట్టుకు నడవండి.