నవలకి నెగెటివ్ రివ్యూ వస్తే: అపోహలు - వాస్తవాలు

నేను కథలకీ నవలలకీ ఎడిటింగ్ చేస్తాను. పుస్తకం బయటికి వచ్చాక నా పని అయిపోవాలి, కానీ అవదు. ఒకటో రెండో స్టార్లు పడ్డ రోజు రాత్రి నా ఫోన్‌కి స్క్రీన్‌షాట్ వస్తుంది. దాని కింద "దీనికి ఏమని రిప్లై ఇవ్వమంటారు?" అని ఉంటుంది. ఇవ్వాలా వద్దా అని అడిగేవాళ్లు అరుదు. ఇవ్వడం ఖాయం, మాటల కోసమే వెతుక్కుంటున్నారు. పైగా రచయితల గ్రూపుల్లో ఎవరో ఒకరు "గట్టిగా ఇచ్చెయ్" అని ఎగదోస్తారు. ఇచ్చాక జరిగేది చూడటానికి మాత్రం ఆ ఎగదోసినవాళ్లు ఉండరు.

అపోహ: తప్పుగా అర్థం చేసుకున్నారు, వివరణ ఇవ్వాల్సిందే. మౌనం అర్ధాంగీకారం.

నేను చూసినంతలో రచయితలకి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఈ నమ్మకమే.

రివ్యూ రాసిన మనిషి మీతో మాట్లాడటం లేదు. ఈ పుస్తకం చదవాలా వద్దా అని చూసుకుంటున్న ఇంకో పాఠకుడితో మాట్లాడుతున్నారు. ఆ మాటల మధ్యలోకి మీరు దూరితే, ఎంత మర్యాదగా దూరినా, అక్కడున్నవాళ్లకి అర్థమయ్యేది రచయిత అన్నీ చూస్తున్నారన్న సంగతే. దాంతో మెచ్చుకుందామనుకున్నవాళ్లు కూడా జంకుతారు. మూడు స్టార్లు వేద్దామనుకున్న మనిషి మనకెందుకొచ్చిన గొడవలే అని ఏమీ రాయకుండా వెళ్లిపోతారు. రాయని రివ్యూలు ఎవరి లెక్కలోకీ రావు కాబట్టి ఈ నష్టం గురించి చెబితే నమ్మరు.

నేను పనిచేసిన ఒక నవలలో నాయిక సగం కథ అయ్యాక ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. ఎందుకు వెళ్లిందో తెలియలేదని ఒక పాఠకురాలు రెండు స్టార్లు వేసింది. రచయిత్రి చాలా సౌమ్యురాలు. ఒక్క పరుషమైన మాట లేకుండా, ఏ అధ్యాయంలో ఏ సంభాషణలో ఆ కారణం ఉందో వివరిస్తూ పొడవాటి జవాబు రాసింది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆ సంభాషణ నవలలో ఉంది, ఎడిటింగ్‌లో నేనూ చూశాను. "ఉండొచ్చు, నాకైతే అందలేదు" అంది పాఠకురాలు. అంతటితో ఆగినా బాగుండేది. రచయిత్రి స్నేహితులు వచ్చారు, అసలు పుస్తకం చదివావా అని నిలదీశారు. పాఠకురాలి తరఫున ఇంకొందరు వచ్చారు. అంతకుముందు ఎక్కడో అడుగున పడి ఉన్న ఆ రెండు స్టార్ల రివ్యూ, ఇన్ని కామెంట్ల పుణ్యమా అని పుస్తకం పేజీలో అన్నిటికన్నా పైకి ఎక్కి కూర్చుంది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లు మొదట చదివేది దాన్నే.

ఆవిడ వాదన సరైనదే. కానీ ప్రతి పాఠకుడి పక్కనా కూర్చుని "ఇదిగో, ఇక్కడ చెప్పాను చూడండి" అని వేలు పెట్టి చూపించలేం కదా. అమెరికన్ రచయిత హెర్మన్ మెల్విల్ తిమింగలం నవల 'మోబీ డిక్' 1851లో మొదట లండన్‌లో అచ్చయినప్పుడు చివర్లో ఉండాల్సిన ఉపసంహారం పడలేదు. కథ చెప్పేవాడు ఎలా బతికి బయటపడ్డాడో తెలిసేది అక్కడే. ఓడ మునిగి అందరూ పోయాక మరి ఈ కథ చెప్పిందెవరయ్యా అని అక్కడి విమర్శకులు కొందరు తప్పుపట్టారు. పాపం వాళ్లేం చేస్తారు, చేతికొచ్చిన ప్రతినే చదివారు. మన పాఠకులూ అంతే. మన తలలో ఉన్న నవల వాళ్లకి అందదు.

"తిట్టను, థ్యాంక్స్ మాత్రమే చెబుతాను" అనేవాళ్లున్నారు. ఒక్క స్టార్ వేసినవాళ్లకి థ్యాంక్స్ చెబితే అది వెటకారంలానే వినిపిస్తుంది. అమెజాన్ 2020 చివర్లో రివ్యూల కింద కామెంట్లు పెట్టే వీలే తీసేసింది. అప్పటి నుంచి కొందరు ఆ రివ్యూని ఫొటో తీసి తమ పేజీలో పెట్టి "చూడండి మిత్రులారా" అంటున్నారు. ఇది ఇంకా అన్యాయం. మీకు వేలమంది ఫాలోయర్లు ఉండొచ్చు, అవతల ఉన్నది ఒక మామూలు పాఠకుడు. మీరు వెళ్లి గొడవపడమని చెప్పకపోయినా కొందరు వెళతారు. వాళ్లు అన్న ప్రతి మాటా మీ ఖాతాలోనే పడుతుంది.

మరి ఆ రాత్రి ఏం చేయాలి? జవాబు రాయండి. నోట్‌బుక్‌లోనో, ఫోన్‌లో నోట్స్‌లోనో రాయండి, రిప్లై బాక్సులో మాత్రం మొదలుపెట్టకండి. కావాలంటే నాకు పంపండి. అలా నాకు వచ్చినవాటిలో కొన్ని వాళ్ల నవలల కన్నా జోరుగా ఉంటాయి. నిద్ర పట్టకపోతే, మీ మనసు బలహీనమైందని అనుకోవద్దు. మంచి కన్నా చెడు ఎక్కువ బలంగా తాకుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. పదిమంది మెచ్చుకున్న మాటలు మర్చిపోయి ఒక్కరి విసుగు కంఠతా వచ్చేయడం అందరికీ ఉన్నదే. కొత్త డ్రాఫ్ట్ నడుస్తున్నప్పుడు రివ్యూలు అసలు చూడకండి. ఇంట్లోనో స్నేహితుల్లోనో నమ్మకస్తులు ఒకరికి అప్పగించండి. చదవాల్సినవి ఉంటే వాళ్లే చెబుతారు.

అపోహ: ప్రతి విమర్శ నుంచీ నేర్చుకోవాలి.

అక్కర్లేదు. ఒకరికి నత్తనడక, ఇంకొకరికి హడావిడి. ఇద్దరి మాటా వింటే మీ నవల ఎటూ కాకుండా పోతుంది. ప్రేమకథ అనుకుని కొని నేరకథ చదవాల్సి వచ్చిందని విసుక్కుంటే, సరిచూసుకోవాల్సింది అట్ట మీద రాసిన పరిచయాన్ని. పుస్తకం నలిగిపోయి వచ్చిందని ఒక్క స్టార్ వేస్తే అందులో మీరు నేర్చుకునేది ఏమీ లేదు. ఒకరికొకరు తెలియని నలుగురు ఒకే చోట తడబడ్డారంటే మాత్రం ఆ పేజీలు తెరవాలి. వాళ్లు చెప్పిన చోటుని నమ్మండి, చెప్పిన మందుని వెంటనే నమ్మకండి. "ముగింపు బాగాలేదు" అన్నప్పుడు తీరా చూస్తే లోపం చాలాసార్లు మూడో అధ్యాయంలో దొరుకుతుంది. నాయిక ఇల్లు వదిలి వెళ్లిపోయే ఆ నవలలో కూడా కారణం చెప్పే సంభాషణ బాగానే ఉంది. కాకపోతే అది పెద్ద గొడవ జరిగే సన్నివేశంలో ఇరుక్కుపోయి ఎవరి కంటా పడలేదు.

అపోహ: మూడు స్టార్లంటే నచ్చనట్టే.

పాఠకులు పుస్తకాలకి స్టార్లు వేసే గుడ్‌రీడ్స్ సైట్‌లో ఒక్కో స్టార్ మీద కర్సర్ పెట్టి చూడండి. రెండు అంటే పర్వాలేదు, మూడు అంటే నచ్చింది, నాలుగు అంటే చాలా నచ్చింది. నచ్చిందన్న మనిషి మీద అలిగి కూర్చున్నవాళ్లని ఎంతమందిని చూశానో.

అపోహ: ఒక్క చెడ్డ రివ్యూతో అమ్మకాలు పడిపోతాయి.

న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన పుస్తక సమీక్షల మీద జోనా బెర్గర్, మరో ఇద్దరు పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రతికూల సమీక్ష వల్ల పేరున్న రచయితల పుస్తకాల అమ్మకాలు 15 శాతం తగ్గాయి, పెద్దగా ఎవరికీ తెలియని రచయితలవి 45 శాతం పెరిగాయి. తిట్టు మర్చిపోయి పేరు గుర్తుపెట్టుకున్నారన్నమాట. అయితే అది పెద్ద పత్రికలో సమీక్ష, షాపు పేజీలో పడే స్టార్ కాదు. కాబట్టి తిట్టించుకోవడానికి పరిగెత్తకండి.

అపోహ: ఇంగ్లిష్ మహాకవి కీట్స్ అంతటివాడే చెడ్డ సమీక్షతో చనిపోయాడు.

ఈ కథ నాకు ఇప్పటికీ వాట్సాప్‌లో వస్తూనే ఉంటుంది. దాన్ని వ్యాప్తి చేసినవాళ్లలో షెల్లీ, బైరన్ లాంటి కవులే ఉన్నారు. కీట్స్ 1821లో క్షయతో చనిపోయాడు. పత్రికలు ఆయన్ని చీల్చి చెండాడింది 1818లో. ఆ మరుసటి ఏడాదే ఆయన గొప్ప కవితలు చాలావరకు రాశాడు. పత్రికలు పెట్టిన బాధ కన్నా తన రాతను తాను విమర్శించుకున్నప్పుడు కలిగే బాధే ఎన్నో రెట్లు ఎక్కువని ఉత్తరంలో కూడా రాసుకున్నాడు.

అపోహ: మనవాళ్ల చేత ఐదు స్టార్లు వేయిస్తే సరి.

దగ్గరి బంధువులు, స్నేహితులు రాసే రివ్యూలని అమెజాన్ నిబంధనలు ఒప్పుకోవు. దొరికితే తీసేస్తారు. దొరక్కపోయినా పాఠకులు పసిగడతారు, అన్నీ ఒకే వారంలో, ఒకే రకం మాటలతో ఉంటాయి కాబట్టి. మారుపేరుతో అకౌంట్ తెరిచి మన పుస్తకాన్ని మనమే పొగుడుకోవడం గురించి చెప్పేదేముంది.

అపోహ: ఏమన్నా పడి ఉండాల్సిందే.

ఇది మాత్రం కాదు. పుస్తకాన్ని ఎంత తిట్టినా అది పాఠకుల హక్కు. బెదిరింపు, కులం పేరుతోనో మతం పేరుతోనో దూషణ, మీ ఇంటి అడ్రస్ బయటపెట్టడం, ఇవి రివ్యూలు కావు. ముందు తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఎందుకంటే రిపోర్ట్ చేశాక అది మాయమవచ్చు. తర్వాత సైట్‌లో ఉన్న రిపోర్ట్ బటన్ నొక్కి, ఏ నిబంధనకి విరుద్ధమో రెండు వాక్యాల్లో రాయండి. కథంతా చెప్పకండి. మీ పబ్లిషర్‌కి కూడా ఒక కాపీ పంపండి. బెదిరింపు అయితే పోలీసు ఫిర్యాదుకీ ఆ స్క్రీన్‌షాటే పనికొస్తుంది.