‘ది యెల్లో వాల్‌పేపర్’: అపోహలు - వాస్తవాలు

అమెరికన్ రచయిత్రి షార్లెట్ పర్కిన్స్ గిల్మన్ రాసిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ ఇంగ్లీషులో సుమారు 6,000 మాటల కథ. గంటలోపే చదివేయొచ్చు. నలతగా ఉన్న భార్యను డాక్టరైన భర్త జాన్ ఒక ఇంటి మేడమీది గదిలో ఉంచుతాడు; ఆ గది గోడలకు అంటించిన పసుపు కాగితం వెనక ఒక స్త్రీ ఉన్నట్టు ఆమెకు కనిపించసాగుతుంది, కథంతా ఆమే చెబుతుంది. అయినా చాలామందికి కథ కంటే ముందు దాని గురించిన మూడు ముక్కలు చెవిన పడతాయి: పిచ్చెక్కిన భార్య, దుర్మార్గుడైన డాక్టరు మొగుడు, రచయిత్రి సొంత గోడు. వాటిని పట్టుకుని పుస్తకం తెరిస్తే పేజీ మీద ఉన్నది కనబడదు. ఈ కథను పాఠంగా చెప్పే చోట మళ్లీ మళ్లీ తలెత్తే పొరపాట్లు ఇవి.

అపోహ: ఇది గిల్మన్ ఆత్మకథే, పేర్లు మాత్రం మార్చింది.

అనుభవం ఆమెదే, కథ మాత్రం కల్పితం. గిల్మన్‌కు 1884లో పెళ్లయింది, 1885 మార్చిలో కూతురు పుట్టింది, ఆ తర్వాత తీవ్రమైన కుంగుబాటు. 1887లో ఫిలడెల్ఫియాలో సైలాస్ వీర్ మిచెల్ అనే పేరున్న నరాల వైద్యుడి దగ్గర సుమారు నెల రోజులు చికిత్స తీసుకుంది. ఇంటికి పంపేటప్పుడు ఆయన చెప్పిన మాటలను తన స్వీయచరిత్రలో రాసుకుంది: ఇంటిపనిలో ఉండు, బిడ్డను ఎప్పుడూ దగ్గరే ఉంచుకో, ప్రతి భోజనం తర్వాత గంటసేపు పడుకో, రోజుకు రెండు గంటలకు మించి బుర్రకు పని పెట్టకు, బతికున్నన్నాళ్లూ కలం గానీ కుంచె గానీ ముట్టకు. సుమారు మూడు నెలలు ఆ మాట విని మతి పోయే అంచుదాకా వెళ్లానని ఆమే చెప్పింది.

ఇప్పుడు కథను దీని పక్కన పెట్టి పోల్చి చూడండి. గిల్మన్‌ను బిడ్డను వదలొద్దన్నారు. కథలో బిడ్డ మేరీ అనే ఆమె చేతిలో ఉంటాడు, తల్లి వాడి దగ్గర ఉండలేకపోతుంది. గిల్మన్ 1888లో భర్తకు దూరంగా వెళ్లిపోయింది, 1890లో కాలిఫోర్నియాలో ఈ కథ రాసింది, ఆ తర్వాత దశాబ్దాలపాటు రాస్తూ ఉపన్యాసాలు ఇస్తూ బతికింది. కథకురాలు చివరికి ఆ గదిలోనే ఉండిపోతుంది. పైగా తనకు భ్రమలేవీ కలగలేదనీ, గోడ మీది అలంకారాలతో తనకే పేచీ లేదనీ గిల్మన్ 1913లో తన ‘ఫోర్‌రన్నర్’ పత్రికలో వెటకారంగా రాసింది కూడా. కాబట్టి ఈ కథ మీద రాసే వ్యాసంలో ‘గిల్మన్ కాగితం చించింది’ అని రాస్తే ఆ వాక్యం తప్పే. ‘గిల్మన్’, ‘కథకురాలు’ అనే రెండు మాటలూ ఒకదాని చోట ఒకటి పడకుండా చూసుకుంటే సగం తప్పులు వాటంతటవే పోతాయి.

అపోహ: కథలో జాన్ చేయించింది అచ్చంగా మిచెల్ గారి రెస్ట్ క్యూర్ (విశ్రాంతి చికిత్స).

గైడు పుస్తకాల్లో తరచు కనిపించే పొరపాటు ఇది. మిచెల్ పద్ధతి ఆయన 1877లో వేసిన ‘ఫ్యాట్ అండ్ బ్లడ్’ పుస్తకంలో వివరంగా ఉంది. రోగిని ఇంటివాళ్లకు దూరంగా, నర్సు అదుపులో, ఆరు నుంచి ఎనిమిది వారాలు మంచం మీదే ఉంచాలి. మొదట్లో, కొందరికైతే నాలుగైదు వారాలపాటు, లేచి కూర్చోవడం, కుట్టుపని, రాయడం, చదవడం ఏవీ కుదరవు. తిండి పాలతో మొదలు: రెండు గంటలకోసారి మూడు నాలుగు ఔన్సులు. తర్వాత ఒళ్లు చేసేలా తినిపిస్తారు. కదలని కండరాలు క్షీణించకుండా మర్దన చేస్తారు, కరెంటు పెడతారు.

కథలో వీటిలో ఎన్ని ఉన్నాయి? ఆమె తోటలో తిరుగుతుంది, వరండాలో కూర్చుంటుంది. జూలై నాలుగున చుట్టాలు వచ్చి వారం ఉండి వెళతారు. జాన్ ఇచ్చేది ఫాస్ఫేట్లు, టానిక్కులు, కాడ్‌లివర్ ఆయిల్, బీరు, వైను, సగం ఉడికిన మాంసం, గాలి, వ్యాయామం. పూర్తిగా నిషేధించింది ఒక్కటే, ‘పని’. ఆమె విషయంలో పనంటే రాత. భోజనం తర్వాత గంటసేపు పడుకోబెట్టడం మాత్రం గిల్మన్‌కు మిచెల్ చెప్పిన సలహాకు నకలు. ఇక మిచెల్ పేరు కథలో వచ్చేది బెదిరింపుగానే: త్వరగా కోలుకోకపోతే ఆకురాలు కాలంలో ఆయన దగ్గరికి పంపిస్తానంటాడు జాన్. అంటే అసలు రెస్ట్ క్యూర్ ఇంకా మొదలే కాలేదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ‘జాన్ ఆమెను మంచానికి కట్టేశాడు’ అని రాయగానే కథ పట్టు సడలిపోతుంది. అక్కడ కట్లు లేవు. మేకులతో నేలకు దిగ్గొట్టింది మంచాన్ని, మనిషిని కాదు. ఆప్యాయంగా, నవ్వుతూ, ఆమె మంచికోసమే అంటూ జరిగేదాంట్లోంచి ఆమె బయటపడలేకపోవడమే గిల్మన్ చూపించినది.

అదే మిచెల్ నరాల నీరసమన్న మగవాళ్లకు ఏం చెప్పేవాడో కూడా తెలుసుకోవాలి. ఓవెన్ విస్టర్ అనే యువకుణ్ణి 1885లో అమెరికా పశ్చిమాన ఉన్న వయోమింగ్‌కు పొమ్మన్నాడు: గుర్రపు స్వారీ, వేట, ఆరుబయలు బతుకు. విస్టర్ ఆ అనుభవంతోనే పశ్చిమ ప్రాంతపు కథలు రాసి రచయితగా పేరు తెచ్చుకున్నాడు. ఈ ఒక్క పోలిక వ్యాసంలో పెడితే, వైద్యంలో ఆడ మగ తేడా గురించి రెండు పేజీల సిద్ధాంతం అక్కర్లేదు.

అపోహ: జాన్ క్రూరుడు.

అలా అనుకుంటే చదువరికి పని తేలికవుతుంది, అంతే. జాన్ అరవడు, కొట్టడు. ఎత్తుకుని మేడమీదికి తీసుకెళతాడు, చదివి వినిపిస్తాడు. అతని మాటలన్నీ ఒక కాగితం మీద విడిగా ఎత్తి రాసుకోండి. ముద్దుపేర్లన్నీ పసిపిల్లకు పెట్టేవే. ఆమె ఏదైనా అడిగితే జవాబు మూడు మెట్లలో వస్తుంది: నవ్వు, తర్వాత వైద్యుడిగా తీర్పు, తర్వాత ‘నా కోసం, బిడ్డ కోసం’ అన్న బతిమాలడం. ఆ మూడో మెట్టు దగ్గర ఆమె నోరు పడిపోతుంది. ఆమె అన్న కూడా వైద్యుడే, అతనిదీ అదే మాట. కాబట్టి తప్పు ఒక్క మొగుడి స్వభావంలో ఉందనుకుంటే, అన్నను కథలో ఎందుకు పెట్టారో చెప్పలేం.

అపోహ: ఆమెకు వచ్చిన జబ్బేమిటో తేల్చేస్తే కథ అర్థమైనట్టే.

కథలో ఉన్న రోగనిర్ధారణ జాన్‌ది: తాత్కాలికమైన నరాల కుంగుబాటు, కాస్త హిస్టీరియా లక్షణం. పసిబిడ్డ ఉన్నాడు కాబట్టి కాన్పు తర్వాతి డిప్రెషన్ అనో సైకోసిస్ (వాస్తవంతో పట్టు తప్పే జబ్బు) అనో నేటి వైద్యులు అనుకోవడానికి ఆధారం ఉంది. అనుకోవచ్చు, కానీ కచ్చితంగా తేల్చడానికి కథలో సమాచారం చాలదు. పేరు పెట్టేసి ఆగిపోవడం జాన్ చేసిన పనే కదా.

అంతకంటే పనికొచ్చేది, మార్పు ఏ వరుసలో వస్తుందో చూడటం. మొదటిసారి ఆగకుండా చదివేయండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కాగితం గురించిన వాక్యాలకు మాత్రమే గీత పెట్టండి. మొదట అది రంగు, గీతల మీద ఒక రసికురాలి విసుగు. తర్వాత మెడ విరిగినట్టు వేలాడే తల, ఉబ్బిన కళ్లు. తర్వాత గీతల వెనక రూపం లేని నీడ. తర్వాత వంగి పాకే స్త్రీ, వెన్నెల్లో ఊచల్లా మారే పైగీతలు. తర్వాత ఇల్లంతా పట్టుకునే పసుపు వాసన. తర్వాత ఆ స్త్రీ పగటిపూట కిటికీల బయట. చివరికి ‘నేను’ కూడా కాగితంలోంచే వచ్చానన్న మాట. ఈ మెట్లలో ఏ ఒక్కదాన్ని దాటేసినా ఆమె ఉన్నట్టుండి పిచ్చిదైపోయినట్టు కనిపిస్తుంది. పసుపంటే జబ్బు, కాగితమంటే సమాజం అని సంకేతాల పట్టిక ముందే వేసుకున్నవాళ్లకు జరిగేది సరిగ్గా ఇదే.

ఇదే చదువులో ఇంకో సంగతి బయటపడుతుంది. కిటికీలకు ఊచలు, గోడలకు రింగులు, మెట్ల పైన గేటు: ఇది ఒకప్పుడు పిల్లల గది అని ఆమె వివరణ. మంచం కొరికినట్టుందని ఒకచోట ముందే అంటుంది, తర్వాత తానే కోపంతో మూల కొరుకుతుంది. గోడ కిందిభాగంలో గది చుట్టూ ఒక అరిగిన చార ఎవరు చేశారో అని ఆశ్చర్యపోతుంది. చివర్లో తన భుజం సరిగ్గా ఆ చారలో ఇమిడిందంటుంది. ఆ చార ఎవరిది? ఇంతకుముందు అక్కడ ఉన్న ఎవరిదైనా కావచ్చు, తను పాకి పాకి చేసి మరిచిపోయిందీ కావచ్చు. కథ రెండు దారులూ తెరిచే ఉంచింది. ‘అది పిచ్చాసుపత్రి’ అని తేల్చి రాయకండి. ఆ మాట కథలో ఎక్కడా లేదు.

అపోహ: ముగింపు విముక్తి. లేదా దానికి ఎదురుది: ముగింపు ఓటమి.

పేజీలో ఉన్నవి ఇవి. తలుపుకు తాళం వేసి తాళంచెవి బయటికి విసిరింది. తాడు కట్టుకుని ఉంది. దూకాలనుకుంది గానీ ఊచలు గట్టివి. కిటికీలోంచి చూడటం కూడా ఇష్టం లేదంటుంది. జాన్ స్పృహ తప్పి దారికి అడ్డంగా పడితే ప్రతి చుట్టులోనూ అతని మీదుగా పాకుతూ పోతుంది. ‘ప్రతిసారీ’ అన్న ఆ చివరి మాటను వదలకండి: ఆమె లేచి వెళ్లిపోలేదు, ఇంకా తిరుగుతూనే ఉంది. గొంతులో మాత్రం భయం లేదు. ‘నువ్వూ జేన్ ఎంత ఆపినా బయటపడ్డాను’ అనే వాక్యంలో జేన్ ఎవరు? కథకురాలి అసలు పేరే అయి ఉండొచ్చు, ఆడబిడ్డ జెన్నీ కావచ్చు, అచ్చుతప్పు అన్నవాళ్లూ ఉన్నారు. మొదటిది ఎక్కువ పదునైన చదువు అని మా అభిప్రాయం, రుజువు మాత్రం లేదు.

అపోహ: మొదట దీన్ని దయ్యం కథగానే చదివారు, తర్వాత 1973 దాకా మరిచిపోయారు.

1892 జనవరిలో ‘న్యూ ఇంగ్లండ్ మ్యాగజైన్’లో వచ్చింది. 1899లో బోస్టన్‌లో చిన్న పుస్తకంగా వేశారు. 1920లో రచయిత విలియం డీన్ హవెల్స్ తన కథాసంకలనంలో చేర్చాడు. వైద్యం, దాంపత్యం సంగతి తొలి సమీక్షకుల్లో కొందరి కంటపడింది కూడా. 1973లో ఫెమినిస్ట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ ఎలేన్ హెడ్జెస్ వెనుకమాటతో వేశాక క్లాసురూముల్లోకి వచ్చింది, అది నిజం.

అపోహ: ఈ కథ చదివి మిచెల్ తన చికిత్స మార్చుకున్నాడు. ఆయన మార్చుకున్నట్టు ఎవరో చెప్పగా విన్నానని గిల్మన్ 1913లో రాసింది. మిచెల్ అలా ఒప్పుకున్న దాఖలా మాత్రం దొరకలేదు. ‘గిల్మన్ అలా చెప్పుకుంది’ అని రాయండి, చాలు.

అపోహ: గిల్మన్ స్త్రీవాది కాబట్టి ఆమె భావాలన్నీ ఒప్పుకోదగ్గవే. కాదు. 1908లో నల్లజాతివారి గురించి ఆమె రాసిన వ్యాసంలో జాతి అహంకారం బాహాటంగానే ఉంది. ఆ కాలపు అమెరికాలో ‘పసుపు’ అన్న మాట ఆసియా వలసదారులకు తగిలించిన నిందతో ముడిపడి ఉందని విమర్శకురాలు సూసన్ లాన్సర్ 1989లో చూపించింది. ఈ విమర్శ చదివాక కథ బలం తగ్గదు గానీ, కథలోని ‘స్త్రీ’ అంటే అందరు స్త్రీలూ అనుకోవడానికి కాస్త తటపటాయిస్తాం.

అపోహ: సారాంశం గానీ అనువాదం గానీ చదివితే సరిపోతుంది.

తెలుగులో చెప్పేటప్పుడు రెండుచోట్ల చేయి జారుతుంది. మొదటి పేజీల్లో ఆమె ‘నేనేం చేయగలను’ అనదు. తనను తాను పక్కకు తప్పించుకుని ఇంగ్లీషులో ‘వన్’ అనే మాటతో, ఎవరి సంగతో అన్నట్టు అడుగుతుంది. ‘నేను’ అని అనువదిస్తే ఆ తప్పుకోవడం పోతుంది. మనం మామూలుగా అనే ‘ఏం చేస్తాం’ కాస్త దగ్గర. రెండోది గీతల వెనకాల ఆకారం ‘అది’ నుంచి ‘ఆమె’గా మారే చోటు. మొదటినుంచీ ‘ఆమె’ అని వేసేస్తే మార్పు జరిగిన క్షణమే కనబడదు.

ఏ ప్రతి చదువుతున్నారో కూడా చూసుకోండి. జాన్ తనను చూసి నవ్వుతాడని, అది మామూలేనని మొదట్లోనే ఒక వాక్యం ఉంది. 1892 పత్రికలో దాని చివర ‘పెళ్లిలో’ అనే మాట ఉంటుంది. తర్వాతి ముద్రణల్లో కొన్నింటిలో ఎగిరిపోయింది. మీ చేతిలో ఉన్నదాంట్లో ఆ మాట లేకపోతే వేరే ప్రతి వెతుక్కోండి.